పేజీ మీద చెయ్యి అడ్డుపెట్టకు

శ్రీకాకుళం

తమ్ముడికి ఆశీస్సులు.

ఉత్తరం, దాంతోపాటు పెట్టిన బొమ్మ అందాయి. కథలు రాసుకునే నోటుపుస్తకంలోనే పక్కన బొమ్మలు కూడా వేసుకోవాలన్న ఆలోచన బాగుంది. విజయనగరంలో గంటస్తంభం బొమ్మ గీస్తుంటే ఎవరో వెనక నిలబడగానే పేజీ మీద చెయ్యి అడ్డుపెట్టేశానని, ఇంటికొచ్చి చింపబోయి ఆగానని రాశావు. చింపనందుకు సంతోషం. ఇప్పుడు మనం మాట్లాడుకోవలసింది ఆ పేజీ గురించే.

స్తంభం అట్టముక్కలా బల్లపరుపుగా వచ్చింది, నాకు చెయ్యి తిరగదు అన్నావు. తప్పు చేతిది కాదు. అది ఎనిమిది పలకల కట్టడం. ఒక పలకకి సరిగ్గా ఎదురుగా నిలబడితే మూడు పలకలు కనిపిస్తాయి. మూడూ సమానమని నీకు తెలుసు కాబట్టి సమానంగానే గీసేశావు. కానీ పక్క పలకలు రెండూ వెనక్కి తిరిగి ఉంటాయి కదా, మధ్య పలక 10 అనుకుంటే అవి చెరో 7 మాత్రమే కనిపిస్తాయి. మూడింటినీ 10 చేసేసరికి గుండ్రం పోయింది.

ఈ 7 కంటికి దానంతటది దొరకదు, కొలవాలి. పెన్సిలు పట్టుకుని చెయ్యి పూర్తిగా చాపు. ఒక కన్ను మూసుకో. పెన్సిలు కొనని మధ్య పలక ఒక అంచుకి ఆనించి, రెండో అంచు దగ్గరికి బొటనవేలి గోరు జరుపు. ఆ కొలతని అలాగే పక్క పలక మీదికి తీసుకెళ్లి పోల్చు. మోచెయ్యి కాస్త వంగిందంటే పెన్సిలు కంటికి దగ్గరై కొలత తగ్గిపోతుంది. కొత్తలో అందరూ చేసే పొరపాటు ఇదే. పైగా కొలత తప్పిందని తెలియక కన్నునే అనుమానిస్తారు.

ఇంత సాగదీయడానికి కారణం ఉంది. ‘బొమ్మ బాగోలేదు’ అన్నంతసేపూ సిగ్గే. ‘7ని 10 చేశాను’ అన్నావంటే సిగ్గుపడడానికి ఏమీ మిగలదు, గీత జరపడమే పని. ఎవరైనా చూస్తారన్న భయంలో సగం, ఏదో తప్పుంది, అదేమిటో మనకే తెలియదు అన్న బెంగ.

ఇక నీ గీతలు. ఒక్క అంచుకి అయిదారు ముక్కలు, వెంట్రుకలు అతికించినట్టున్నాయి. రాసే అలవాటున్నవాళ్లందరికీ వచ్చే జబ్బే ఇది. అక్షరాలకి పట్టుకున్నట్టు మొన దగ్గర పట్టుకుని మణికట్టుతో గీస్తారు, గీత రెండంగుళాలు సాగేసరికి ఆగిపోతుంది. మొనకి మూడంగుళాలు వెనక్కి పట్టుకో. గీత మొదలయ్యేచోట ఒక చుక్క, ముగిసేచోట ఒక చుక్క పెట్టు. కాగితానికి తగలకుండా గాలిలో రెండుసార్లు చెయ్యి ఆడించి, చూపు రెండో చుక్క మీదే ఉంచి, మోచేతితో ఒక్క ఊపున లాగు. వంకరపోతే పోనీ, దాని పక్కనే ఇంకోటి గియ్యి. మొదటి పదిహేను రోజులూ రబ్బరు ముట్టకు. అసలు మామూలు బాల్‌పెన్నుతో గీస్తే ఆ గొడవే ఉండదు. ఖరీదైన డ్రాయింగ్ పుస్తకం కొనొద్దు. కాగితం ధర గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి బిగుసుకుంటుంది.

రోజుకి పది నిమిషాలు చాలు. ఒక్కో నిమిషంలో ఒక్కో బొమ్మ చొప్పున అయిదు. తరవాత అయిదు నిమిషాలు కాగితం వైపు చూడకుండా ఒకే వస్తువు. మీ ఇంట్లో బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబు ఉంటే ఎదురుగా పెట్టుకో. చూపుని దాని అంచు మీద చీమలా నడిపించు, పెన్ను కూడా అంతే వేగంతో నడవాలి. బొమ్మ నవ్వొచ్చేలా వస్తుంది, రానీ. ఆ చెంబునే చూస్తూ గీసినప్పుడు మాత్రం రెండు సంగతులు చూసుకో. మూతి కొసలు ఆకులా సూదిగా రాకూడదు, అక్కడా వంపు ఉండాలి. అడుగుని అడ్డగీతతో ముగించకూడదు. చెంబు కంటికి దిగువన ఉంటే, అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువగానే ఉంటుంది.

బయట గీయడం గంటస్తంభం కూడలిలో మొదలుపెట్టడం నీ తొందర. ముందు పెద్దచెరువు గట్టు మీద మేకల్ని, ఆగి ఉన్న ఆటోల్ని గియ్యి. తరవాత ఆర్టీసీ కాంప్లెక్స్‌లో వీపు గోడకి ఆనేచోట కూర్చో, వెనక ఎవరూ నిలబడలేరు. బస్సు కోసం చూసేవాళ్లు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ మళ్లీ మొదటి భంగిమకే వస్తారు. అందుకని ఒకే పేజీలో మూడు బొమ్మలు మొదలుపెట్టి, ఏ భంగిమ తిరిగొస్తే దాన్ని అందుకో.

‘ఏటి గీత్తన్నావు బావూ?’ అని అడగనే అడుగుతారు. చెయ్యి ఆపకుండా ‘ఆ ఆటోనండీ’ అను, అంతే. ‘నాకు సరిగ్గా రాదండీ’ అన్నావో, పాపం ఆయన తీర్పు చెప్పక తప్పదు. పిల్లలు మూగితే ఒక కాగితం, పెన్ను ఇచ్చెయ్యి, వాళ్ల గొడవలో వాళ్లు పడతారు. ‘నా బొమ్మ గియ్యి’ అన్నవాళ్లకి ముఖం జోలికి పోకుండా వాళ్ల సైకిలో, చేతిసంచో గీసివ్వు. గీయించుకోవడం ఇష్టం లేనట్టు కనిపిస్తే, ముఖ్యంగా ఆడవాళ్లయితే, వెంటనే పేజీ తిప్పెయ్యి.

చిత్రకారుడు వపా (వడ్డాది పాపయ్య) పుట్టిన ప్రాంతంవాణ్ణయ్యుండీ ఈ గీతలేమిటి అని కూడా వాపోయావు. ఆయన శ్రీకాకుళంలో పుట్టినమాట నిజమే. కానీ నువ్వు చూసినవి చందమామ అట్ట మీదికెక్కిన పూర్తి బొమ్మలు. నిలబడి వేసిన నీ నిమిషం గీతల్ని వాటి పక్కన పెట్టుకోవడం లెక్క ప్రకారమే తప్పు.

వచ్చే ఆదివారం మళ్లీ గంటస్తంభం దగ్గరికి వెళ్లు. ఈసారి పలకకి కాదు, రెండు పలకలు కలిసే అంచుకి ఎదురుగా నిలబడు. నాలుగు పలకలు కనిపిస్తాయి. మధ్యవి రెండూ వెడల్పు, చివరివి రెండూ వాటిలో సగం కూడా ఉండవు. సరిగ్గా ఎంతో నేను చెప్పను. కొలిచి, గీసి, ఆ పేజీ పంపు.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

— అన్నయ్య