ఔన్సున్నర అదే, చేదు మాత్రం మూడింతలు: హోమ్‌బ్రూ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా నమస్తే. మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. కిందటేడు నుంచి ఇంట్లో బీరు చేస్తున్నా, ఇది నాలుగో బ్యాచ్, 5 గ్యాలన్ల అమెరికన్ పేల్ ఏల్. రెసిపీలో 60 నిమిషాలు మరిగేలా ఔన్సున్నర కాస్కేడ్ హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పువ్వులు; కాస్కేడ్, కొలంబస్ లాంటివి వాటిల్లో రకాలు) వెయ్యమని ఉంది. షాపులో కాస్కేడ్ రెండు ఔన్సులే మిగిలింది, అది చివర్లో వాసన కోసం దాచుకుని చేదు కోసం కొలంబస్ తెచ్చా. చేదుకే కదా ఏదైతే ఏంటిలే అని అదే ఔన్సున్నర వేశా. ఇప్పుడు బాటిల్ తీస్తే మొదటి గుక్క బానే ఉంటుంది, తర్వాత చేదు గొంతులో కూర్చుని లేవదు. మా ఆవిడ ఒక్క గుక్క తాగి కాకరకాయ రసం అంది. రకం తప్పా, నా చెయ్యి తప్పా? ఇంకా 40 చిల్లర బాటిళ్ళున్నాయి, ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, కొలంబస్ తప్పేం లేదు, తప్పంతా ఆ "అదే ఔన్సున్నర"లో ఉంది. హాప్స్ ప్యాకెట్ మీద ఆల్ఫా యాసిడ్ అని ఒక శాతం వేసి ఉంటుంది చూడు, చేదు వచ్చేది దాన్నుంచే. కాస్కేడ్ లో అది మామూలుగా నాలుగున్నర నుంచి 7 దాకా ఉంటుంది, కొలంబస్ లో 14 నుంచి 18. పచ్చిమిర్చి బదులు అదే లెక్కన గొడ్డు కారం దంచి పోసినట్టైంది నీ పని.

లెక్క చూద్దాం, పెద్ద కష్టమేం కాదు. ఔన్సున్నర అంటే 42 గ్రాములు. 5.5 శాతం కాస్కేడ్ ఐతే గంట మరిగాక 5 గ్యాలన్లకి సుమారు 28 ఐబియు వస్తుంది (ఐబియు అంటే చేదుని కొలిచే యూనిట్, లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అని దగ్గర దగ్గరగా అనుకో). నీ కొలంబస్ 15.5 శాతం అనుకుంటే అదే 42 గ్రాములకి 79. అమెరికన్ పేల్ ఏల్ కి 30 నుంచి 50 మధ్య ఉంటే చాలంటారు, నువ్వు అంతకంటే చేదుండే ఇండియా పేల్ ఏల్ వాళ్ళ వీధి కూడా దాటేశావు. అసలు వెయ్యాల్సింది ఎంతంటే, 42 ని 5.5 తో గుణించి 15.5 తో భాగించు, 15 గ్రాములు. అంతే. రకం మార్చినప్పుడల్లా ఈ ఒక్క గుణకారం, ఒక్క భాగహారం, ఫోన్లో చేసుకోవచ్చు. ప్యాకెట్ మీద శాతం మాత్రం ప్రతిసారీ చదవాలి, ఎందుకంటే ఏ యేటి పంటకి ఆ యేడే మారుతుంది, పోయినసారి 5.5 ఉన్న కాస్కేడ్ ఈసారి 7 ఉండొచ్చు.

గంట ఎందుకు మరగాలంటావా, ఆల్ఫా యాసిడ్ అలాగే పచ్చిగా ఉంటే నీళ్ళల్లో సరిగ్గా కరగదు, పెద్దగా చేదూ ఇవ్వదు. మరిగే వేడికి దాని అణువు రూపు మారి ఐసో ఆల్ఫా అవుతుంది, అదీ బీరులో నిలిచే చేదు. మనం ఇంట్లో చేసే లెక్కకి గంట మరిగించినా వేసినదాంట్లో నాలుగో వంతు కూడా పూర్తిగా రాదు, 23 శాతం దగ్గర ఆగుతుంది. పది నిమిషాలు మరిగితే 8 శాతమే. అందుకే చేదు హాప్స్ ముందు, వాసన హాప్స్ చివర్లో. వాసనిచ్చే నూనెలు గంట మరిగితే ఆవిరైపోతాయి, పోపులో కొత్తిమీర ముందే వేసి మాడ్చినట్టు.

దీన్నిబట్టి చూస్తే నా అభిప్రాయం ఏంటంటే, చాలామంది ఒప్పుకోరనుకో, 60 నిమిషాల హాప్స్ ఏ ఊరిది, ఏ పండు వాసన అని బుర్ర బద్దలు కొట్టుకోవడం దండగ. గంట తర్వాత దాని వాసన అంతగా మిగలదు. అక్కడ కావాల్సింది ఎక్కువ ఆల్ఫా, శుభ్రమైన చేదు, తక్కువ ఆకు. నేనైతే కళ్ళు మూసుకుని మాగ్నమ్ తీసుకుంటా. జర్మనీలో హూల్ పరిశోధనా కేంద్రం తయారుచేసిన రకం, 12 నుంచి 14 శాతం ఉంటుంది, చేదిచ్చి పక్కకి తప్పుకుంటుంది. అది దొరక్కపోతే వారియర్, అదీ దొరక్కపోతే నగ్గెట్. చినూక్ వేస్తే పైన్ చెట్టు జిగురు ఛాయ కాస్త తగులుతుంది, నచ్చేవాళ్ళకి నచ్చుతుంది, మా ఇంట్లో నచ్చదు. ఇంగ్లీషు తరహా పేల్ ఏల్ చేసేటప్పుడు మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటా, దానికి ఛాలెంజరో ఈస్ట్ కెంట్ గోల్డింగ్సో మొదటినుంచీ వెయ్యాలి, ఆ మట్టి వాసన మొత్తం బీరులో కలిసిపోయి ఉంటేనే బాగుంటుంది.

ఇంకో మాట, నీకు తగిలింది చేదా, వగరా? ఇంగ్లీషులో రాసేవాళ్ళు రెండింటినీ కలిపి హార్ష్ అనేస్తారు కానీ మనకి రెండూ వేరని చిన్నప్పుడే తెలుసు. కాకరకాయది చేదు, జామపిందెది వగరు. చేదు నాలుక మీద ఉండి గొంతులోకి జారుతుంది, వగరు నోరంతా పిడచకట్టి పళ్ళ మీద గరగరలాడుతుంది. నువ్వు రాసినదాన్నిబట్టి నీది చేదే, కొలత దిద్దితే పోతుంది. వగరైతే కథ వేరు, అది టానిన్ల పని, మాల్ట్ ని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) మరీ వేడి నీళ్ళతో, మరీ ఎక్కువసేపు కడిగితే పొట్టులోంచి దిగుతుంది, తక్కువ ఆల్ఫా హాప్స్ ని గుప్పెళ్ళు గుప్పెళ్ళు పోసి మరిగించినా ఆకులోంచి దిగుతుంది. నేను మొదట్లో ఒకసారి మొత్తం చేదంతా చౌకగా వచ్చిందని 4 శాతం పాత హాప్స్ తోనే తెద్దామని 110 గ్రాములు పోశా, చివరికి గిన్నె అడుగున గోంగూర పచ్చడి తేలింది, బీరేమో నేరేడు పళ్ళు నమిలినట్టు.

వచ్చే బ్యాచ్ కి ఇలా చెయ్యి. గంటకి 13 శాతం మాగ్నమ్ 17 గ్రాములు, దాన్నుంచి 27 వస్తుంది. చివరి పది నిమిషాలకి కాస్కేడ్ 28 గ్రాములు, దాన్నుంచి ఓ 7. చివరి 5 నిమిషాలకి ఇంకో 28, దాన్నుంచి ఓ 4. మొత్తం 38. సియెర్రా నెవాడా పేల్ ఏల్ కి కూడా వాళ్ళు చెప్పుకునే అంకె 38 యే, 1980లో కాలిఫోర్నియా చీకోలో మొదలెట్టిన ఆ బీరే కదా కాస్కేడ్ వాసనని ఇంతమందికి అలవాటు చేసింది, కాబట్టి మంచి చోటే ఉన్నట్టు. మాల్ట్ మాత్రం గ్రావిటీ (పులియక ముందు ఆ ద్రవం నీళ్ళకంటే ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 1.050 కి తగ్గనివ్వకు, తీపి తక్కువైతే అదే 38 ఎక్కువ చేదనిపిస్తుంది. నీళ్ళల్లో జిప్సం (కాల్షియం సల్ఫేట్) ఎక్కువ వెయ్యకు, సల్ఫేట్ పెరిగితే చేదుకి పదునొస్తుంది, ఇంగ్లండ్ లో బర్టన్ ఊరి పేల్ ఏల్స్ కి పేరొచ్చింది ఆ నీళ్ళవల్లే, కానీ మీ ఊరి నీళ్ళ రిపోర్టు చూడకుండా చెంచాలతో పొయ్యడం మాత్రం వద్దు.

ఉన్న 40 బాటిళ్ళ సంగతి. పంచదార వేద్దామనే ఆలోచన వస్తే అక్కడే ఆపెయ్, మూత వేసిన బాటిల్లో పంచదార పడితే ఈస్ట్ తినేసి గ్యాస్ చేస్తుంది, గరాజ్ లో బాంబులు పేలతాయి. రెండు మూడు నెలలు చల్లగా వదిలెయ్, చేదు కొంచెం మెత్తబడుతుంది. ఈలోపు తాగాలంటే గ్లాసులో సగం బీరు, సగం నిమ్మ సోడా, షాండీ అంటారు, మరదలికి అలా ఇచ్చి చూడు. లేదా 15 ఐబియు మించని బీరు ఇంకొకటి చేసి గ్లాసులోనే రెండూ కలుపుకో.

ప్రశ్న: కోహ్యుములోన్ తక్కువున్న హాప్సే చేదుకి వాడాలి, ఎక్కువుంటే చేదు మొరటుగా ఉంటుంది అంటారు. నిజమేనాండీ? (న్యూజెర్సీ నుంచి ఒక అక్కయ్య)

జవాబు: ఆల్ఫా యాసిడ్లలో అదొక రకం అక్కా. మాగ్నమ్ లో పాతిక శాతం అటూ ఇటూ, గలీనాలో 40 కి దగ్గరగా ఉంటుంది. మొరటు అనే మాట పాతదే, కానీ బ్రూయర్లలో అందరూ ఒప్పుకోరు. నేను రెండూ వాడా, ఐబియు సమానంగా పెడితే కళ్ళకి గంత కట్టి తాగించినప్పుడు మా బ్యాచ్ లో ఎవ్వరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఆరుగురం తాగిన పరీక్ష, సైన్సు అనుకోకండి. రెండూ ఒకే ధరకి దొరికితే తక్కువున్నది కొనండి, ప్రత్యేకం దానికోసం షాపులు తిరక్కండి.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి సియాటిల్ లో చేస్తుంటే చూసొచ్చా, రిటైరయ్యా, హైదరాబాద్ లో నేనూ మొదలెడదామని ఉంది. హాప్స్ ఇక్కడ దొరుకుతాయా?

జవాబు: బాబాయ్ గారూ, హాప్స్ కంటే ముందు లైసెన్స్ ఉంది. అమెరికాలో 1978లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాక ఇంట్లో బీరుకి ఫెడరల్ చట్టం అడ్డు తీసేసింది, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి యేడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ ఐతే 2013 దాకా ఒప్పుకోలేదు. మన దగ్గర లైసెన్స్ లేకుండా ఇంట్లో మద్యం తయారీ ఎక్సైజ్ నేరం, సారా కాసినా బీరు చేసినా లెక్క ఒకటే. హాప్స్ మన దేశంలో హిమాచల్ లో లాహౌల్ వైపు పండిస్తారు, ఆ తోట చూడ్డానికైతే వెళ్ళి రండి. బీరు మాత్రం మీ అబ్బాయి దగ్గరికొచ్చినప్పుడే. వచ్చేటప్పుడు వాషింగ్టన్ లోనే యకిమా లోయకి తీసుకెళ్ళమనండి, ఆగస్టు చివర్లో, సెప్టెంబర్లో కోత, అమెరికా హాప్స్ లో ఎక్కువ భాగం అక్కడిదే.

ప్రశ్న: మిగిలిన హాప్స్ ఎన్నాళ్ళు దాచొచ్చు? (పోర్ట్‌లాండ్ నుంచి)

జవాబు: గాలి తీసేసి ఫ్రీజర్లో పెడితే యేడాది ధైర్యంగా. గాలి తగిలితే ఆల్ఫా పడిపోతుంది, ప్యాకెట్ మీద అంకె అబద్ధమైపోతుంది. నేనొకసారి ఒక షాపులో బయట అరలో, పారదర్శకం కవర్లో పెట్టినవి చౌకగా వచ్చాయని కొన్నా, ఇంటికొచ్చి విప్పితే పాత చీజ్, తడి సాక్సు కలిపిన వాసన, మా ఆవిడ కిటికీలన్నీ తెరిచింది. అలాంటి వాసనొస్తే పారెయ్యండి. పారేసేటప్పుడు, మరిగించి వడకట్టిన పిప్పి కూడా, ఇంట్లో కుక్కుంటే దానికి అందకుండా చూడండి. హాప్స్ తింటే కుక్కలకి ఒళ్ళు విపరీతంగా వేడెక్కి ప్రాణం మీదికొస్తుంది, పెరట్లో ఎరువులో కూడా వెయ్యొద్దు, తింటే ఆగకుండా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.