స్టూడియోలోకి అసోసియేట్ ఫొటోగ్రాఫర్‌ను తీసుకునే ముందు

అమెరికాలో కొత్తగా పోర్ట్రెయిట్ స్టూడియో పెట్టుకున్న మనవాళ్లకు చేతినిండా పని దొరికిన కొద్దికాలానికే, అన్ని సిట్టింగులకూ (ఒక కస్టమరును కూర్చోబెట్టి ఫొటోలు తీసే పూటలకు) ఒక్కరే అందుకోలేక, ఒక అసోసియేట్‌ను పెట్టుకోవాలన్న ఆలోచన వస్తుంది. అప్పుడు తెలిసిన కుర్రవాణ్ణి ఎవరినో పిలిచి, శని ఆదివారాల్లో వచ్చి తీసిపెట్టమని, పూటకింత ఇస్తామని నోటిమాటతో సరిపెట్టుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు. నేనూ చేశాను. అతను ఏ హోదాలో వస్తున్నాడు, తీసిన ఫొటోలు ఎవరివి అన్న విషయాలు మొదటి సిట్టింగుకు ముందే కాగితం మీద తేలాలని దయచేసి గుర్తుంచుకోండి.

ముందుగా పని అనుమతి సంగతి చూడాలి. ఎఫ్-1 మీద చదువుకుంటున్న విద్యార్థి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే అతని వీసా హోదాకే ముప్పు వస్తుంది. మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పనిని "నేర్చుకోవడానికి వస్తున్నాడు" అంటూ ఉచితంగా చేయించినా ఆ ముప్పు తప్పదు. హెచ్-1బి మీద ఉన్నవారు తమ కోసం పిటిషన్ వేసిన యజమాని దగ్గరే పనిచేయాలి కాబట్టి, వారాంతపు ఫొటోలకు డబ్బు పుచ్చుకోవడం వారికి కుదరదు. హెచ్-4 మీద, అంటే హెచ్-1బి వారి జీవితభాగస్వాములుగా ఉన్నవారిలో, ఈఏడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే పని అనుమతి పత్రం) చేతికి వచ్చినవారిని నిశ్చింతగా తీసుకోవచ్చు. ఉద్యోగిగా చేరినవారు పని అనుమతిని నిర్ధారించే ఐ-9 ఫారంలో తమ భాగాన్ని మొదటి రోజుకల్లా నింపాలి, ఆ తరువాత మూడు పనిదినాల్లోగా మీరు వారి పత్రాలు చూసి మీ భాగం పూర్తి చేయాలి. ఆమోదించిన జాబితాలోంచి ఏ పత్రం చూపాలో ఎంచుకునే హక్కు ఉద్యోగిదే గనుక, గ్రీన్‌కార్డే తెమ్మని పట్టుబట్టకండి.

వేళలు మీరే నిర్ణయించి, కెమెరా, లైట్లు మీరే ఇచ్చి, ఎలా తీయాలో కూడా మీరే చెబుతున్నప్పుడు, ఆ వ్యక్తికి 1099 (కాంట్రాక్టరుకు చెల్లించిన డబ్బు చూపే పన్ను ఫారం) ఇచ్చినంత మాత్రాన కాంట్రాక్టరు అయిపోరు. ఉద్యోగిగా తీసుకుంటే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద యజమాని వంతుగా జీతంపై 7.65 శాతం మీరు కట్టాలి. అది భారమే, కానీ దానితో ఒక చిక్కు తొలగిపోతుంది. ఉద్యోగి తన పనిలో భాగంగా తీసిన ఫొటోలపై కాపీరైట్ స్టూడియోకే చెందుతుంది. కాంట్రాక్టరు తీసిన పోర్ట్రెయిట్లు మాత్రం, హక్కులు బదిలీ చేస్తూ అతను సంతకం పెట్టిన కాగితం లేకపోతే, మీరు పూర్తిగా డబ్బు చెల్లించినా అతనివే. ఒక శిల్పం విషయంలో 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కూడా, దాన్ని చేయించుకున్న సంస్థ డబ్బిచ్చినా, శిల్పి ఉద్యోగి కాదు కనుక అది ఉద్యోగి చేసిన పని కిందికి రాదని తేల్చారు. అసోసియేట్ తన పోర్ట్‌ఫోలియోలో ఆ ఫొటోలు పెట్టుకోవడానికి, కస్టమరు ఒప్పుకున్న మేరకు, అదే ఒప్పందంలో అనుమతి ఇవ్వండి. అది వారి ఎదుగుదలకు అవసరం, మీకు పోయేదేమీ లేదు.

ఇక పనితనం విషయానికొస్తే, ఏరి కూర్చిన ఇరవై ఫొటోలు చూసి ఎవరినీ తీసుకోకండి. నేను అలా తీసుకున్న మొదటి కుర్రవాడు, రెండు వరుసల్లో నిలబడిన కుటుంబాన్ని ఎఫ్/1.8 దగ్గర, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి, కొద్ది లోతు మాత్రమే స్పష్టంగా వచ్చేలా తీశాడు. ముందున్న పాప కనురెప్పలు లెక్కపెట్టవచ్చు, వెనక నిలబడిన తాతగారి ముఖం మాత్రం పూర్తిగా మసకబారింది. లైట్లు చాలినంత ఉన్నాయి, ఆ రంధ్రాన్ని ఎఫ్/8కు తగ్గించి ఉంటే అందరూ స్పష్టంగా వచ్చేవారు. ఆ కుటుంబాన్ని మళ్లీ పిలిపించి, డబ్బు తీసుకోకుండా నేనే తీసి ఇచ్చాను. అప్పటినుంచి ఎవరు వచ్చినా ఒక సిట్టింగు మొత్తాన్ని, పనికిరాని ఫ్రేములతో సహా, చూపించమని అడుగుతున్నాను. ముఖాల మధ్య ఛాయ తేడా ఉన్నప్పుడు వెలుగును ఎలా సర్దారో, విసిగిపోయిన పసివాడితో ఎంత ఓర్పుగా ఉన్నారో అందులో తెలిసిపోతుంది.

ఆ తరువాత నా ఎదుటే ఒక సిట్టింగు తీయిస్తాను. అదీ పనే కనుక, అనుమతి ఉన్నవారినే పిలిచి డబ్బిస్తాను. ఇప్పుడు నా దగ్గర ఉన్న అమ్మాయి అలా వచ్చిన రోజు, ఎదుట కూర్చున్న పెద్దాయన కళ్లద్దాల్లో సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే తెల్లటి గుడ్డ పెట్టె ఉన్న లైటు) తెల్లగా మెరుస్తోంది. ఆమె కెమెరా పక్కన పెట్టి, లైటును జానెడు పైకి జరిపి, ఆయన్ని అడిగి అద్దాల కాడలను చెవుల మీద కాస్త పైకి ఎత్తింది. మెరుపు పోయింది, కళ్లు కనిపించాయి. ఆ సాయంత్రమే ఒప్పంద పత్రం ఆమె ముందు పెట్టి, ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా చదువుకున్నాకే సంతకం పెట్టమన్నాను.