పైథానుతో ఫోల్డర్లు చేయబోయే మేనకోడలికి

రావులపాలెం

చిరంజీవి మేనకోడలిని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

భీమవరంలో రొయ్యల చెరువుల నీటి పరీక్షలు చేసే ల్యాబులో చేరావనీ, మూడు వందల చెరువులకు ఒక్కొక్క ఫోల్డరు, దానిలో నెలకొకటి చొప్పున పన్నెండు చేయమన్నారనీ మీ అమ్మ చెప్పింది. అన్నీ కలిపి 3,900 అవుతాయి కనుక మౌసు పట్టుకుని కూర్చోకు, పైథాను అనే ప్రోగ్రామింగు భాషలో పది వరుసలు చాలు.

పైథానుతో పాటే వచ్చే ఓఎస్ (os) మాడ్యూలులో ఇందుకు రెండు ఫంక్షన్లు ఉన్నాయి. ఎంకేడిర్ (mkdir) చివరి ఫోల్డరును మాత్రమే చేస్తుంది, దానికి పైనుండవలసిన చెరువు ఫోల్డరు లేకపోతే ఎర్రరు ఇచ్చి ఆగిపోతుంది. మేక్‌డిర్స్ (makedirs) మధ్యలో లేనివాటిని కూడా తానే చేసుకుంటూ పోతుంది కాబట్టి నీకు పనికివచ్చేది అదే. అందులో ఎగ్జిస్ట్ ఓకే (exist_ok) అనేదాన్ని ట్రూ (True) అని ఇవ్వడం మరువకు. రేపు ఇంకో పది చెరువులు జాబితాలో చేరి స్క్రిప్టును మళ్లీ నడపవలసి వచ్చినప్పుడు, పాత ఫోల్డర్ల జోలికీ వాటిలోని ఫైళ్ల జోలికీ పోకుండా కొత్తవి మాత్రమే చేస్తుంది.

నిన్ను నిజంగా ఇబ్బంది పెట్టేవి పేర్లు. చెరువును సర్వే నంబరుతో రాసుకోవడం మన వైపు ఉన్నదే కదా. 214/2 అన్నదాన్ని ఉన్నది ఉన్నట్టు ఇచ్చావనుకో, మేక్‌డిర్స్ 214 అనే ఫోల్డరు చేసి, దాని లోపల 2 అనే ఫోల్డరు చేస్తుంది. ఎర్రరేమీ రాదు కనుక నీకు తెలియనే తెలియదు. ముందుగా ఆ గీతను రీప్లేస్‌తో హైఫనుగా మార్చు.

విండోసులో ఒక ఫోల్డరు పేరుకూ దాని లోపలి ఫోల్డరు పేరుకూ మధ్య పెట్టే వెనక్కి వాలిన గీతతో (\) మరో చిక్కు ఉంది. ఊరి పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ఉంటే, ఆ గీత పక్కనున్న నరసాపురం మొదటి అక్షరం కొత్త లైనుగా, తణుకు మొదటి అక్షరం ట్యాబుగా మారిపోతాయి. పాలకొల్లుకు మాత్రం ఏమీ కాదు, అందుకే తప్పెక్కడుందో ఒక పట్టాన అంతుపట్టదు. కోట్స్‌కు ముందు ఆర్ అక్షరం పెడితే ఈ బాధ ఉండదు.

పాలకొల్లు అంటే నా అవమానం గుర్తుకొస్తోంది. ఒకప్పుడు దాళ్వా ధాన్యం లెక్కలకు ఊరూరికీ ఫోల్డర్లు చేశాను. జాబితాలో ఆ పేరు ఇంగ్లీషులో ఒకచోట పాలకొల్లు అనీ, మరొకచోట పాలకోల్ అనీ ఉంది. యంత్రానికి అవి రెండు ఊళ్లు. సగం రసీదులు ఒకదానిలో, సగం మరొకదానిలో పడ్డాయి. బస్తాల మొత్తం కలవక నేను రెండు రాత్రులు కూడికలు చేశాను కానీ, ఫోల్డర్ల వంక చూడాలని తోచలేదు.

నెలలకు 01, 02 అని రెండంకెలు పెట్టు, లేకపోతే పైథాను వరుసలో 1 తరువాత 10 వస్తుంది.

మొదటిసారి మేక్‌డిర్స్ ఉన్న వరుసను ఆపి, దాని స్థానంలో ప్రింట్ పెట్టి నడుపు. తెరమీద వచ్చిన పేర్లన్నీ కాగితం మీదికి తీసుకుని, చెరువుల సంగతి ఎరిగిన మీ ల్యాబు పెద్దాయన చేత ఒకసారి చదివించు. ఆయన సరేనన్నాకే ఫోల్డర్లు చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య