సముద్రానికి మర్యాద ఏమిటి?

సందేహం: ప్రళయం వస్తే తప్ప సముద్రం మర్యాద తప్పదని ఒక ప్రవచనంలో విన్నాను. మర్యాద అంటే గౌరవం కదా, సముద్రానికి దానితో పనేమిటి? హద్దు, మేర, అదుపు, నిగ్రహం, సంయమనం – ఇవన్నీ దీనికి పర్యాయపదాలేనా? ఒకదాని బదులు మరొకటి వాడవచ్చా?

సమాధానం: ప్రవచనకర్త వాడింది మర్యాదకు ఉన్న మొదటి అర్థం. సంస్కృతంలో మర్యాద అంటే ఎల్ల, గట్టు, ఒడ్డు. సముద్రం మర్యాద తప్పదంటే ఒడ్డు దాటి ఊళ్ల మీదికి రాదని. ఆ ఒడ్డుకు తెలుగులో చెలియలికట్ట అనే చక్కని మాట ఉంది. హద్దు మీరి ప్రవర్తించేవారిని చెలియలికట్ట దాటారనడమూ ఉంది. ఇప్పుడు ఈ మాట వాడేవారు తగ్గిపోతున్నారు, అది బాధాకరం.

మర్యాదకు ఈ అర్థం ఎంత పాతదో తెలియాలంటే వ్యాకరణం చూడాలి. 'ఆఙ్ మర్యాదాభివిధ్యోః' అని పాణిని సూత్రం. మాట ముందు చేరే 'ఆ' అనే అవ్యయానికి ఇక్కడ మర్యాద, అభివిధి అని రెండర్థాలు. చెప్పిన వస్తువును వదిలి, దాని ముందు వరకు అంటే మర్యాద. దాన్ని కూడా కలుపుకొంటే అభివిధి. ఆమరణ నిరాహార దీక్షలో 'ఆ' మర్యాదార్థకం: మరణం వరకు. ఆబాలగోపాలంలోది అభివిధి: పిల్లలతో సహా అందరూ. ఇక్కడ మర్యాదకు గౌరవంతో ఏ సంబంధమూ లేదు, అది కేవలం గీత.

పొలానికి గట్టు ఉన్నట్టే నడవడికీ ఒక గట్టు ఉంటుంది కాబట్టి లోకమర్యాద, దేశమర్యాద, సభామర్యాద వచ్చాయి. ఆ గట్టు లోపల నడుచుకునేవాడు ఎదుటివారి పట్ల చూపే మన్నన కూడా మర్యాదే అయింది. ఆ మన్నన పనుల్లో కనబడితే బహువచనం: అల్లుడికి మర్యాదలు, మగపెళ్లివారికి మర్యాదలు. తెలుగులో ఈ చివరి అర్థాలు బాగా పెరిగి మొదటిదాన్ని కప్పేశాయి.

కప్పేశాయే కానీ చెరపలేదు. 'మర్యాదగా చెబుతున్నాను, బయటికి నడు' అనే మాట వినని వారుండరు. గౌరవమే అర్థమైతే అందులో బెదిరింపు ఎందుకు వినిపించాలి? 'ఇప్పటిదాకా గీతకు ఇవతలే ఉన్నాను, ఇక దాటుతాను' అని దాని భావం. ఇది నా అన్వయం. పాత అర్థంతో చూస్తేనే ఆ వాక్యం తేటగా విడుతుంది.

'మేర' మర్యాదకు దగ్గరి చుట్టం. ప్రాకృతంలో మర్యాదకు 'మేరా' అనే రూపం ఉంది; మన మేర ఆ దారిలో వచ్చిందే. పొలిమేరలో ఉన్నదీ ఇదే. 'సాధ్యమైన మేరకు', 'ఆ మేరకు ఉత్తర్వులు' అన్నప్పుడూ కొలతకు గీసిన గీతే అర్థం. పాత కావ్యాల్లో కనిపించే 'మరియాద' వేరే మాట కాదు, మర్యాదకే మరో రూపం. హద్దు మాత్రం అరబ్బీ నుంచి పారశీ, ఉర్దూల మీదుగా వచ్చింది. సరిహద్దులోని 'సరి'ని సమానం, సరైన అనే అర్థంలో విడదీస్తుంటారు, అది పొరపాటు. పారశీ 'సర్‌హద్' మొత్తంగా మన నోట సరిహద్దయింది. ఎల్ల అచ్చ తెలుగు.

ఇక ఒకదాని బదులు మరొకటి వాడవచ్చా అన్నది. పదం పక్కన ఏ క్రియ నిలుస్తుందో చూడండి, తేడా అక్కడే తెలిసిపోతుంది. హద్దు బయట గీసి ఉంటుంది కాబట్టి దాన్ని దాటుతాం, మీరుతాం. అదుపు చేతిలో పట్టు లాంటిది కాబట్టి అది తప్పుతుంది: బండి అదుపు తప్పింది. నిగ్రహం మనసులో ఉంటుంది కాబట్టి దాన్ని కోల్పోతాం. 'నిగ్రహం దాటాడు' అంటే చెవికి గుచ్చుకుంటుంది. మర్యాద ఒక్కటే రెండువైపులా నిలబడుతుంది: గీతగా చూస్తే మర్యాద దాటుతాం, నడతగా చూస్తే మర్యాద తప్పుతాం. బయటి గట్టునూ లోపలి పట్టునూ ఒకే మాటలో పెట్టుకోవడం దీని ప్రత్యేకత, ఈ వరుసలో మరే పదానికీ అది లేదు.

నిగ్రహానికి 'గ్రహ్' ధాతువు, పట్టుకోవడం. 'ని' చేరి అణచి పట్టడమైంది. నిగ్రహానుగ్రహాలు అని జంటగా వస్తే మాత్రం అక్కడ నిగ్రహం శిక్ష, అనుగ్రహం దయ; ఆత్మనిగ్రహం అనుకుని చదివితే అర్థం తప్పుతుంది. సంయమనానికి ధాతువు 'యమ్', అదుపులో ఉంచడం. ఇద్దరి మధ్యో, గుంపులోనో ఉద్రిక్తత ఉన్నప్పుడు పత్రికలు 'ఇరువర్గాలూ సంయమనం పాటించాలి' అంటాయి, అది సరైన చోటే. ఒకడు తన కోపాన్ని ఆపుకుంటే 'కోపాన్ని నిగ్రహించుకున్నాడు' అనాలి, 'కోపాన్ని సంయమనం చేసుకున్నాడు' కుదరదు. మంటలనూ ధరలనూ అదుపు చేస్తాం, కట్టడి చేస్తాం. వాటికి మనసు లేదు కాబట్టి నిగ్రహం, సంయమనం అతకవు. 'పోలీసులు అదుపులోకి తీసుకున్నారు' అన్నచోట అదుపు అంటే నిర్బంధమే.

రాముణ్ణి మర్యాదాపురుషోత్తముడంటే మర్యాదస్థుల్లో మేటి, మృదువుగా మాట్లాడేవాడు అని చాలామంది సరిపెట్టుకుంటారు. రాజ్యం చేతికందే వేళ కూడా ధర్మం గీసిన గీత దాటనివాడని దాని అర్థం. రాసేటప్పుడు 'దా'కు దీర్ఘం ఉండాలి. విడిగా తెలుగులో మర్యాద అని హ్రస్వం; సంస్కృత సమాసంలో మూలంలోని ఆకారం నిలుస్తుంది. మర్యాద, అతిక్రమణ కలిస్తే సవర్ణదీర్ఘసంధితో మర్యాదాతిక్రమణ, ఉల్లంఘన కలిస్తే గుణసంధితో మర్యాదోల్లంఘన. మర్యాదస్థుడిలో ఉన్నది ఋణస్థుడు, గృహస్థుల్లోని 'స్థ'యే, కనుక 'స్తుడు' అని రాయకుండా థ-వత్తు ఇవ్వడం మేలు.