జాబ్ ఆఫర్ జోలికి పోకు, రైటింగ్ మళ్లీ రాయి

తమ్ముడూ, మిర్యాలగూడ నుంచి కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) ట్రై చేస్తున్నానని, బీటెక్, నాలుగేళ్ల అనుభవం ఉన్నా ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రైటింగ్‌లో 6.5 రావడంతో స్కోరు చాలట్లేదని, ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు జాబ్ ఆఫర్ లెటర్‌తో పాయింట్లు పెంచుతామని లక్షలు అడుగుతున్నారని రాశావు. పైసా ఇవ్వకు. పాయింట్లు చూసి పీఆర్‌కు పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్ పాయింట్లను 2025 మార్చి 25 నుంచే తీసేశారు, ఇంకా అదే అమ్ముతున్నారంటే వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

నీ లిసనింగ్ 8, రీడింగ్ 7.5, స్పీకింగ్ 7 సరిపోతాయి. రైటింగ్ కూడా 7 అయితే నాలుగూ సీఎల్‌బీ (కెనడా వాళ్ల భాషా స్థాయి కొలత) 9కి చేరతాయి. పెళ్లి కాలేదన్నావు కాబట్టి రైటింగ్‌కు నేరుగా 8 పాయింట్లు, డిగ్రీతో కలిపి చూసేచోట 12, అనుభవంతో కలిపి చూసేచోట 25 పెరుగుతాయి, అంటే ఆ అర బ్యాండు విలువ 45 పాయింట్లు! కాకపోతే పరీక్ష మొత్తం మళ్లీ రాయాలి, లిసనింగ్ 8 కంటే తగ్గిందా, మళ్లీ మొదటికే.

ఆలస్యం మాత్రం చేయకు. వయసుకు 29 వరకు 110 పాయింట్లు, 30కి 105, 31కి 99.

ఈలోగా ఆఫీసు నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకో, అందులో నువ్వు చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత అన్నీ ఉండాలి, హెచ్‌ఆర్ వాళ్లిచ్చే రెండు లైన్ల కాగితం పనికిరాదు.