స్కెచ్ పెన్నులు బీరువాలో పెట్టి, కోచింగ్ ఎక్కడుందని అడిగితే ఎలా?

ప్రశ్న: మేడమ్, మాది నరసన్నపేట. నాకు టైలర్ షాపు ఉంది. మా గుంట విశాఖలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా గీసేది. పదో తరగతిలో మార్కులు తగ్గుతాయని స్కెచ్ పెన్నులు, బొమ్మల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశాం. ఇప్పుడు డిజైన్ చదువుతానంటోంది. కానీ దసరా సెలవులకు వచ్చినప్పుడు ఏదైనా గీయమ్మా అంటే ‘ఐడియాలు రావట్లేదు నాన్నా’ అని ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఈమధ్య ఒకాయన మా ఊరొచ్చి యానిమేషన్, వీఎఫ్ఎక్స్ (సినిమాల్లో కంప్యూటర్‌తో చేసే దృశ్యాలు) కోర్సు గురించి చెప్పారు. మూడేళ్లు, ఆరు లక్షలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా తోడల్లుడేమో కంప్యూటర్ సైన్సే నయం అంటున్నాడు. బతుకుతెరువు ఒకటి, మనసుకు నచ్చింది ఒకటి అయితే పిల్ల నలిగిపోతుందని మా ఆవిడ భయం. మార్కుల పట్టిక కూడా పంపుతున్నాను. ఈ ఆదివారం హాస్టల్‌కు వెళ్తున్నాను. మూడింట్లో ఏది మంచిది? క్రియేటివిటీ పెరగడానికి కోచింగ్ ఏదైనా ఉందా?

జవాబు:

మీ ఉత్తరం లాంటివి నాకు ఏటా పదుల సంఖ్యలో వస్తాయి. ఊరు మారుతుంది, పాపకు బదులు బాబు ఉంటాడు, టైలర్ షాపుకు బదులు ఎరువుల కొట్టు ఉంటుంది. పైకి ఏ కోర్సు మంచిదనే అడుగుతారు. లోపల మాత్రం రెండు భయాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. బొమ్మలు నమ్ముకుంటే పిల్ల బతుకు ఏమవుతుందోనని ఒకటి. ఆ బొమ్మలు మనమే మాన్పించేశామేమోనని రెండోది. మొదటిది అందరూ చెప్పుకుంటారు. రెండోది ఎవరూ చెప్పరు. మీరు తాళం సంగతి దాచకుండా రాశారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు రాసిన రెండు పేజీల్లో తోడల్లుడి మాట ఉంది, ఊళ్లోకి వచ్చిన ఆయన మాట ఉంది, మీ ఆవిడ మాట కూడా ఒకటి ఉంది. డిజైన్ చదువుతానన్నది కాక అమ్మాయి మాట ఒక్కటే ఉంది: ‘ఐడియాలు రావట్లేదు నాన్నా’. ఆ మాట అన్నప్పుడు ఎందుకమ్మా అని అడిగారా? కోర్సుల గురించి పది మందిని అడిగారు. ఆ పిల్లని అడగలేదు. పదిహేనేళ్లప్పుడు తనకు ఇష్టమైన ఒకే ఒక్క పనిని చెడు అలవాటులా తాళం వేసి పెట్టారు. రెండేళ్ల తర్వాత సెలవుల్లో నాలుగు రోజులు ఇంటికొస్తే గీయమంటున్నారు. చేతికి కట్టు కట్టి రెండేళ్లు ఉంచి, విప్పగానే బిందె ఎత్తమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. కష్టంగా అనిపించినా ఈ మాట మీతో చెప్పాలి. మీకు మనసు లేక చేసిన పని కాదని నాకు తెలుసు. ఎవరో భయపెట్టారు, మీరు భయపడ్డారు. ఆ బీరువా తాళం మీ దగ్గరే ఉంది కదా, ముందు అది తీయండి. కోచింగ్ సంగతి తర్వాత చూద్దాం.

అసలు పిల్లకు ఏం కాలేదు. పొద్దున్నే లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా ఒకరు చెప్పింది వినడం, రాయడం, వారాంతం పరీక్ష రాయడం. నిద్ర చాలదు. కాస్త ఖాళీ దొరికితే ఫోన్. బుర్రలోకి ఇన్ని పోస్తూ ఉంటే, లోపలి నుంచి ఏదైనా పైకి రావడానికి జాగా ఎక్కడుంది? ఐడియా రావాలంటే కాసేపు ఏమీ తోచకుండా కూర్చోవాలి. ఆ తోచకపోవడాన్ని మన పిల్లలకు మనం మిగల్చడం లేదు. విశాఖ నుంచి మీ ఊరికి మూడు గంటల బస్సు ప్రయాణం. నాగావళి, వంశధార రెండూ దాటుకుని వస్తుంది. ఈసారి వచ్చేటప్పుడు ఫోన్ బ్యాగులో పెట్టి కిటికీ పక్కన కూర్చోమనండి. చూసినవాటిలో మూడింటిని ఇంటికొచ్చాక గీయమనండి. బాగా రావాలని పట్టుబట్టకండి.

ఖద్దరు నేసే పొందూరు ఎప్పుడైనా వెళ్లారా? మీకు దగ్గరే. గుడ్డతో బతికే మనిషి కాబట్టి వెళ్లే ఉంటారు. అయినా అమ్మాయిని తీసుకుని మరోసారి వెళ్లండి. షోరూంలో చీరలు చూసి వచ్చేయకుండా, నూలు వడికే ఇంట్లో ఒక గంట కూర్చోండి. కిందటేడు నేను కూర్చున్నాను. డెబ్భై ఏళ్లుంటాయేమో, ఒక పెద్దావిడ గింజతో ఉన్న పత్తిని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిలోని చిన్న పుల్లలాంటి దానితో దువ్వుతోంది. దగ్గరకు వంగి చూస్తే అది వాలుగ చేప దవడ ఎముక. సన్నటి పళ్లు వరసగా, చంటిపిల్ల దువ్వెనకన్నా దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆ పళ్లకు నలక, చెత్త చిక్కుకుని, దూది పోగులన్నీ ఒకే వైపు తిరిగి నున్నగా అవుతున్నాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో పెట్టుకోవడం. ఆ వరసంతా అయ్యాక తీసిన నూలు వంద కౌంటు దాకా పోతుంది (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం). ఇనుప దువ్వెనతో దువ్వితే ఆ మెత్తదనం రాదమ్మా అందావిడ.

ఎప్పుడో ఎవరో ఒకరు చేప తిని, మిగిలిన ఎముకను పారేసే ముందు ఇటూ అటూ తిప్పి చూసి ఉంటారు. ఇది దువ్వెనలా ఉందే అనుకుని ఉంటారు. మీరడిగిన క్రియేటివిటీ అదేనండి. ఎదురుగా ఉన్నదాన్ని ఇంకాసేపు చూడడం, దానికి ఇంకో పని అంటగట్టడం. ఏ క్లాసులోనూ ఫీజు కట్టి నేర్చుకునేది కాదు.

మీకు ఆ పని రాదనుకోకండి. ఆడవాళ్లు మీ దగ్గరకు ఎనభై సెంటీమీటర్ల ముక్క తెచ్చి, చేతులు మోచేతి దాకా కావాలంటారు. మీరు గుడ్డ పరిచి, సుద్దతో గీసి, చెరిపి, అడ్డంగా తిప్పి, అతుకు చంక కిందకు వచ్చేలా చూసి, మొత్తానికి సరిపెడతారు. అలా చేసినప్పుడు మీ బుర్ర ఎంత పనిచేస్తుందో మీరు లెక్కపెట్టుకోరు. డిజైన్ ప్రవేశ పరీక్షల్లో అడిగేది సగం ఇదే: కాగితం ఇలా మడిచి ఇక్కడ కత్తిరిస్తే విప్పినప్పుడు ఎలా కనిపిస్తుంది, ఈ వస్తువును ఇటు నుంచి చూస్తే ఏ ఆకారం, రోజూ వాడే ఈ సామానులో లోపం ఏంటి, ఎలా సరిచేస్తావు. మీ అమ్మాయి ఆ బల్ల కిందే ఆడుకుని పెరిగింది. సెలవుల్లో వచ్చినప్పుడు షాపులోకి రానివ్వండి. ‘నువ్వు చదువుకో, ఈ పని నీకెందుకు’ అని పంపేయకండి. పాత చీరతో చిన్నపిల్లకు లంగా కుట్టమని ఎవరైనా తెస్తే, అంచు ఎక్కడ పెట్టాలో ముందు న్యూస్ పేపర్ మీద ఆమెను కత్తిరించమనండి. పాడైతే పేపరే కదా.

హాస్టల్లో చేయాల్సింది ఇంకా చిన్నది. జేబులో పట్టే నోటు పుస్తకం ఒకటి, ఒక బాల్ పెన్ను. రబ్బరు వద్దు. రోజుకు పది నిమిషాలు, ఊహించి కాదు, కళ్లముందున్నది చూసి గీయాలి. తీగ మీద ఆరేసిన చున్నీలు, మెస్ దగ్గర క్యూలో నిలబడ్డవాళ్ల చెప్పులు, నిద్రపోతున్న రూమ్మేట్ చెయ్యి. కింద తేదీ వేయాలి. ఇన్‌స్టాలో పెట్టకూడదు, మీకు కూడా చూపించనక్కర్లేదు. లైకుల కోసం గీస్తే పిల్లలు తమకు వచ్చిందే మళ్లీ మళ్లీ గీస్తారు. పది నిమిషాలకు ఎంపీసీ మార్కులు పోవు, ఆ మాట నాది.

ఇక ఆ యానిమేషన్ కోర్సు సంగతి. దీని మీద నాకున్న అనుమానాలు కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు నేనే ఈ దారి చూపించాను. ఎనిమిదేళ్ల కిందట బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు అద్భుతంగా బొమ్మలు గీసేవాడు. వెళ్లు నాయనా, భవిష్యత్తంతా అందులోనే ఉంది అన్నాను. వాళ్ల నాన్న అరెకరం అమ్మారు. కోర్సయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిన మాట నిజమే. రెండేళ్ల తర్వాత సంక్రాంతికి వచ్చి కలిశాడు. ‘మేడమ్, ఈ రెండేళ్లలో నా బొమ్మ ఒక్కటీ గీయలేదు. ఎవరో తీసిన సినిమాలో ఎవరో హీరో జుట్టు చుట్టూ గీత గీస్తున్నాను’ అన్నాడు. ఆ పనిని రోటో అంటారు. సినిమాలో ఒక సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. పది సెకన్ల షాటుకు రెండు వందల నలభై సార్లు ఆ మనిషి అంచులు సరిచేస్తూ పోవాలి, అదీ చాలాసార్లు నైట్ షిఫ్టులో. కొత్తగా చేరినవాళ్లలో ఎక్కువమందికి మొదట దొరికేది ఇదే. ఆ రోజు నేను అతనికి ఏమీ జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఈ కోర్సు ఎవరికీ తేలిగ్గా చెప్పడం లేదు.

ఇంకో సంగతి. మన దేశంలో వీఎఫ్ఎక్స్ పనిలో పెద్ద భాగం విదేశీ సినిమాలది. 2023లో అమెరికాలో రచయితలు, నటులు సమ్మె చేస్తే ఇక్కడి స్టూడియోల్లో పని తగ్గింది. 2025 మొదట్లో ఒక పెద్ద విదేశీ సంస్థ ఉన్నట్టుండి మూతపడితే బెంగళూరు, ముంబైల్లో వేలమంది రోడ్డున పడ్డారు. పైగా ఈ గీతలు గీసే పని కృత్రిమ మేధ ముందుగా నేర్చుకుంటున్న పనుల్లో ఒకటి. కథ చెప్పగలిగినవాళ్లకు, మనిషి నడకను, బరువును గమనించి గీయగలిగినవాళ్లకు ఈ రంగంలో చోటు ఉంది, ఉంటుంది. సాఫ్ట్‌వేర్ బటన్లు మాత్రమే నేర్చుకున్నవాళ్ల గురించే నా భయం. ఆరు లక్షలకు వాళ్లు నేర్పేది ఏమిటో అడగండి. ఇచ్చేది యూనివర్సిటీ డిగ్రీయా, ఉత్త సర్టిఫికెట్టా? గ్యారంటీ అంటే ఏంటో కాగితం మీద రాసిస్తారా? కిందటేడు చదివిన మన జిల్లా పిల్లలతో మీరే ఫోన్‌లో మాట్లాడే వీలుందా? ఈ మూడూ అడిగితే ఊళ్లోకి వచ్చిన పెద్దమనిషి మళ్లీ ఫోన్ చేయకపోవచ్చు కూడా.

మిగతా రెంటికీ పోలిక అడిగారు. బీడిజైన్, అంటే డిజైన్‌లో డిగ్రీ, నాలుగేళ్లు. ఐఐటీల్లో కొన్నింట్లో ఉంది, మన రాష్ట్రంలో ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) ఉంది, హైదరాబాద్‌లో నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) ఉంది. సీట్లు తక్కువ, పోటీ గట్టిది. ప్రభుత్వ సంస్థలే అయినా హాస్టల్‌తో కలిపి పది లక్షలు దాటుతుంది కాబట్టి స్కాలర్‌షిప్పులు, బ్యాంకు లోను సంగతి ముందే చూసుకోండి. విశాఖలోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, అదీ కనుక్కోండి, పెద్దగా ఎవరూ దాని పేరెత్తరు. ఈ ఏడాది ఏదీ రాకపోతే కంప్యూటర్ సైన్సులో చేర్చినా కొంపలేం మునిగిపోవు. డిగ్రీ అయ్యాక సీడ్ (CEED) అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండిజైన్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి, వెళ్లవచ్చు. ఇంజినీరింగ్ చదివి డిజైన్‌లోకి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ నాలుగేళ్లూ నోటు పుస్తకం మానకుండా ఉంటే చాలు. ఇంతకన్నా పోలిక ఇప్పుడు అవసరం లేదు. పిల్లతో మాట్లాడకుండా మార్కుల పట్టిక పంపి ఏది మంచిదో తేల్చమంటే నేను తేల్చలేను.

బతుకుతెరువు ఒకటి, మనసుకు నచ్చింది ఒకటి అయితే పిల్ల నలిగిపోతుందని మీ ఆవిడ భయపడుతున్నారని రాశారు. కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు మన జిల్లాలోనే పుట్టారు. ఉద్యోగం విశాఖలో హైస్కూలు టీచరు. పగలు పిల్లలకు పాఠాలు చెబుతూనే, తను చూసిన ఊళ్లను, మనుషులను కథలుగా రాశారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని ఇళ్ల చుట్టూ తిరిగి పాత పత్రికలు పోగుచేశారు. మీ అమ్మాయిని ఒకరోజు అక్కడికి తీసుకెళ్లండి. కథలు చదవకపోయినా ఫరవాలేదు. ఆ పాత పత్రికల్లో కథకు ఒక బొమ్మ ఉంటుంది. పేజీలకొద్దీ సాగే కథలో చిత్రకారుడు ఏ ఒక్క క్షణాన్ని ఎంచుకుని గీశాడో చూడమనండి. ఆ తర్వాత తనకు నచ్చిన కథకు తనే ఒక బొమ్మ వేసుకుంటుందేమో, వేసుకోకపోతే బలవంతం చేయకండి.

ఈ ఆదివారం హాస్టల్‌కు వెళ్తారు కదా. పచ్చళ్ల సీసాలతో పాటు బీరువాలోని ఆ డబ్బా కూడా సంచిలో పెట్టుకోండి. కోర్సుల మాట ఎత్తకండి. ‘తాళం వేసింది నేనేనమ్మా, తప్పయింది’ అని చెప్పి చేతిలో పెట్టండి. బయల్దేరే ముందు మూతలు తీసి ఒక్కొక్కటీ గీసి చూసుకోండి. రెండేళ్లు అలాగే ఉన్నాయి కాబట్టి చాలావరకు ఎండిపోయి ఉంటాయి. నరసన్నపేట బస్టాండులో బస్సెక్కేలోపు కొత్త సెట్టు ఒకటి కొనండి.