హనుక్కాని యూదుల దీపావళి అనొచ్చా?

"హనుక్కా అంటే యూదుల దీపావళి అంటారు, నిజమేనా? ఆ ఎనిమిది రోజులూ ఏం చేస్తారు?" అని అడిగారు.

కాదండీ. నేను ఇజ్రాయెల్‌లో, నెతన్యాలో ఒక పెద్దావిడ దగ్గర కేర్‌గివర్‌గా చేస్తున్నాను. ఏటా ఈ పండగ ఆవిడతోనే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దీపాలు పెడతారు కాబట్టి దీపావళి అనేస్తే ఎలా? హనుక్కా దీపాన్ని వాడుకోకూడదు, చూడాలంతే. ఆ వెలుగులో చదవకూడదు, కూర తరగకూడదు, డబ్బులు లెక్కపెట్టుకోకూడదు. ఎనిమిది దీపాలకీ తోడుగా కాస్త ఎత్తులోనో పక్కగానో తొమ్మిదోది ఉంటుంది, దాన్ని షమాష్ అంటారు. తక్కినవాటిని వెలిగించేది అదే. ఎవరికైనా ఆ వెలుగు పనికొచ్చినా అది షమాష్ లెక్కలోకి పోతుంది. ఈ ఒక్క నియమం పట్టుబడితే పండగ సగం అర్థమైనట్టే.

మా సవ్తా (ఇక్కడ అమ్మమ్మనీ నానమ్మనీ అలాగే పిలుస్తారు) చిన్నప్పుడే మొరాకో నుంచి వచ్చేసిన మనిషి. కొవ్వొత్తులకి ఒప్పుకోదు, ఆలివ్ నూనే కావాలి. బుల్లి గాజు గిన్నెల్లో నూనె పోసి ఒత్తులు నిలబెట్టడం నా పని. వెలిగించడం మాత్రం ఆవిడదే. చేతులు వణుకుతాయి కాబట్టి నేను మణికట్టు పట్టుకుంటాను, ఆవిడ ప్రార్థన చదివి ముట్టిస్తుంది. మొదటి రోజు ఒక దీపం, రెండో రోజు రెండు, అలా రోజుకొకటి పెరుగుతుంది. గిన్నెలు కుడి నుంచి ఎడమకి పేర్చుకొస్తాం. వెలిగించేది మాత్రం ఆ రోజు కొత్తగా చేరినదాంతో మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి.

ఒక ఏడాది ఆరో రోజు రాత్రి పెద్ద గాలివాన. ఇక్కడ వానలు పడేది చలికాలంలోనే. దీపాలు పెట్టి పది నిమిషాలు కాలేదు, వీధి వీధంతా కరెంటు పోయింది. సరిగ్గా ఆవిడ బీపీ మాత్ర వేళ. మాత్రల అట్టలు రెండూ ఒకే రంగులో ఉంటాయి, పేరు చదవందే ఇవ్వను. కిటికీలో ఆరు దీపాలూ షమాషూ నిండుగా వెలుగుతున్నాయి. అట్ట పట్టుకుని రెండడుగులు వేస్తే అయిపోయే పని. ఆవిడ మాత్రం, "ఫోన్ లైటు వేసుకో, అవి మన పనికి కాదు" అంది. ఫోన్ వెలుగులోనే పేరు చూసి మాత్ర ఇచ్చాను. ఆ తర్వాత నన్నూ కూర్చోమంది. దీపాలు కనీసం అరగంట వెలగాలి, అంతసేపూ ఆడవాళ్లు ఇంటిపని ముట్టరు. నేను యూదురాలిని కాదు, సింకు నిండా గిన్నెలున్నాయి, అయినా లేవనివ్వలేదు. ఎదురు బిల్డింగు చీకట్లో కలిసిపోయింది, అక్కడక్కడా కిటికీల్లో ఆరేసి దీపాలు తప్ప. వాటిని కిటికీలో పెట్టేది అందుకే. జరిగిన అద్భుతం దారినపోయేవాళ్లకి తెలియాలి. యెరూషలేము పాత వీధుల్లో అయితే గుమ్మం బయట గాజుపెట్టెలో పెడతారు.

ఆ అద్భుతం సంగతి. క్రీ.పూ. 167లో సిరియాని ఏలుతున్న గ్రీకు రాజు నాలుగో అంతియోకస్ యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేశాడు. మోదీన్ ఊరి యాజకుడు మత్తతియ, ఆయన కొడుకులు తిరగబడ్డారు. క్రీ.పూ. 164లో మత్తతియ కొడుకు యూదా మక్కబీ ఆలయాన్ని శుద్ధి చేసి మళ్లీ ప్రతిష్ఠించాడు. ప్రధాన యాజకుడి ముద్ర చెడని నూనెబుడ్డి ఒక్కటే దొరికిందనీ, ఒక్కరోజు నూనె ఎనిమిది రోజులు వెలిగిందనీ కథ. ఇది ఆ పోరాటం గురించి రాసిన మక్కబీయుల గ్రంథాల్లో లేదు, తర్వాత యూదు పండితుల చర్చలున్న తల్మూదులో వచ్చింది. అంత పెద్ద రాజు మీద గెలిచి కూడా ఏటా బుడ్డెడు నూనెని తలుచుకుంటున్నారంటే నాకు ఎంతో గౌరవం. రోజుకో దీపం పెంచడం మీద కూడా షమ్మాయి, హిల్లేల్ అనే ఇద్దరు పాతకాలపు యూదు గురువుల శిష్యుల మధ్య వాదన జరిగింది. ఎనిమిదితో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలని షమ్మాయి శిష్యులు, ఒకటితో మొదలుపెట్టి పెంచాలని హిల్లేల్ శిష్యులు. పవిత్రమైన దాంట్లో పెరుగుదలే ఉండాలని హిల్లేల్ మాటే నిలిచింది.

యూట్యూబ్‌లో కొందరు తెలుగువాళ్లు దీన్ని "యూదుల క్రిస్మస్" అంటుంటే ఒళ్లు మండుతుంది. క్రిస్మస్ కంటే పాత పండగ ఇది! యోహాను సువార్త 10వ అధ్యాయం తియ్యండి. ఆలయ ప్రతిష్ఠిత పండుగ, శీతకాలం, యేసు దేవాలయంలో తిరుగుతున్నాడని ఉంటుంది. మన చర్చిల్లో ఆ మాట చదివి దాటేస్తారు, ఏ పండగో ఒక్కరూ చెప్పరు.

తిండి విషయంలోనూ బేకరీల మీద నాకు కోపమే. జామ్ పెట్టి నూనెలో వేయించే సుఫ్గనియా ఎంతో బాగుంటుంది, దాని మీద పిస్తా క్రీములు కుమ్మరించి ధర రెండింతలు చేస్తున్నారు. సవ్తా ఇంట్లో స్ఫెంజ్ చేస్తాం. జారుగా పులిసిన పిండి, తడిచేత్తో తుంచి, గారెకి పెట్టినట్టు చిల్లు పెట్టి నూనెలో వదలడమే. పైన పంచదార.

కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లకి ఒక మాట. పండగ కదా అని సెలవు అనుకోకండి, బడులకే సెలవు. ఇంకోటి, శుక్రవారం హనుక్కా దీపాలు ముందు వెలిగించాకే షబ్బాతు (శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే వాళ్ల విశ్రాంతి దినం) దీపాలు. అంటే ఇంకా పొద్దుండగానే. చీకటి పడ్డాక కూడా అరగంట వెలగాలి కాబట్టి ఆ రోజు గిన్నెల్లో నూనె ఎక్కువ పొయ్యండి. షబ్బాతు మొదలయ్యాక వాళ్లు ఆ గిన్నెలు ముట్టుకోరు.